బొగ్గుబాయి నుంచి ‘లా బెర్సూజ్’ దాకా

‘లా బెర్సూజ్’ ఒక తల్లిని చూపే తైలవర్ణ చిత్రం. నిలువు కాన్వాస్, ఎత్తు సుమారు 92 సెంటీమీటర్లు, వెడల్పు 73. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో 1888 డిసెంబరులో, దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో దీన్ని మొదలుపెట్టాడు. 1889 వసంతం నాటికి ఇదే బొమ్మను ఐదుసార్లు వేశాడు. కుర్చీలో కూర్చున్నామె పేరు ఆగస్టీన్ రూలాన్. భర్త జోసెఫ్ ఆర్ల్ రైల్వేస్టేషన్‌లో టపా సంచుల పని చూసే తపాలా ఉద్యోగి. వాళ్లకు ముగ్గురు పిల్లలు. చంటిది మార్సెల్ 1888 జులై చివర్లో పుట్టింది. బొమ్మలో ఆగస్టీన్ చేతులు ఒడిలో పెట్టుకుని ఒక తాడు పట్టుకుంది. తాడు రెండో కొసన తొట్టెల ఉంది. కానీ ఆ తొట్టెలా, అందులోని బిడ్డా కాన్వాస్‌లో కనపడరు. జోల పాడే తల్లి అని ఫ్రెంచి పేరుకు అర్థం.

ఈ బొమ్మలో కంటికి ముందు తగిలేది ముఖం కాదు, రంగు. ఆమె తొడుక్కున్నది ఆకుపచ్చ. జడ నారింజ. ముఖం పసుపు, ఆ పసుపులో అక్కడక్కడ పచ్చటి నీడలు. నేల మండే ఎరుపు. వెనక గోడకు నీలం కలిసిన ఆకుపచ్చ కాగితం, దాని నిండా గులాబీరంగు డాలియా పూలు. మనిషి చర్మం అంత పసుపుగా ఉండదని, ఏ ఇంటి నేలా అంత ఎర్రగా ఉండదని వాన్‌గోకు తెలుసు. తెలిసే వేశాడు. బజారులో చవకగా అమ్మే అచ్చుబొమ్మలా ఉందని ఎవరైనా అంటే అననివ్వమని ఉత్తరాల్లో రాశాడు. దేవుడి పటాల క్యాలెండర్లు గోడలకు తగిలించుకున్న తెలుగు ఇళ్లవారికి ఈ మాట సులువుగానే అందుతుంది. పేదవాడి గోడ మీద బొమ్మకు ఉండే నిండు రంగుల ధైర్యం తన చిత్రానికీ ఉండాలని ఆయన కోరిక.

ఈ రకం చిత్రకళను పోస్ట్-ఇంప్రెషనిజం అంటారు. దానికి ముందు వచ్చినవాళ్లు ఇంప్రెషనిస్టులు. 1874లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టిన ఆ బృందం ఆరుబయట వెలుగు క్షణక్షణం ఎలా మారుతుందో పట్టుకోవడానికి చూసింది. తర్వాతివాళ్లకు అది చాలలేదు. కన్ను చూసినదానితో ఆగిపోకుండా, చూసినదాన్ని మనసు ఏం చేసుకుంటుందో కూడా కాన్వాస్ మీదికి రావాలనుకున్నారు. పాల్ సెజాన్ వస్తువుల కట్టుబడి వెంటపడ్డాడు. జార్జ్ సోరా రంగును చుక్కలు చుక్కలుగా విడగొట్టాడు. పాల్ గోగాన్ ముదురు గీత గీసి, లోపల రంగును చదునుగా నింపాడు. వాన్‌గో రంగుతో మనిషి లోపలి సంగతి చెప్పించాడు. వీళ్లలో ఎవరూ తమను పోస్ట్-ఇంప్రెషనిస్టులమని చెప్పుకోలేదు. ఇంగ్లీషు విమర్శకుడు రోజర్ ఫ్రై 1910 నవంబరులో లండన్ గ్రాఫ్టన్ గ్యాలరీలో ప్రదర్శన పెడుతూ ఈ పేరు తగిలించాడు. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ బతికి లేరు.

స్త్రీ రూపచిత్రం వీళ్ల చేతుల్లో బాగా మారింది. అంతకు ముందు యూరప్‌లో తైలవర్ణ రూపచిత్రం ఎక్కువగా డబ్బున్నవాళ్ల సంగతి. పట్టు బట్ట మెరుపు, నగ తళుకు, చర్మం నునుపు అచ్చంగా దింపితే చిత్రకారుడికి పేరు, సొమ్ము. సెజాన్ తన భార్య ఆర్తాన్స్ ఫికేను దాదాపు 29 తైలవర్ణాల్లో చిత్రించాడు. ఒక్కదానిలోనూ ఆమె చూసేవాళ్లను మెప్పించే ప్రయత్నం చేయదు. ఆ ముఖాల్లో చల్లదనం ఉందని చాలామంది అన్నారు. నిజానికి అందులో ఉన్నది నిదానం. ఒక కొండను చూసినంత ఓపికతో సెజాన్ ఆమెను చూశాడు. గోగాన్ 1891లో తాహితి దీవికి వెళ్లి ‘వహినే నో తే తియారే’ అనే చిత్రం వేశాడు. చేతిలో పువ్వు పట్టుకున్న అక్కడి యువతి, వెనక ఎరుపు, పసుపు పట్టీలు. రంగుల కూర్పులో అది గొప్ప చిత్రం. అయితే ఫ్రెంచి వలసపాలనలో ఉన్న దీవికి వెళ్లిన తెల్లవాడిగా గోగాన్ అక్కడి చిన్న వయసు అమ్మాయిలతో ప్రవర్తించిన తీరును మరచి ఆ చిత్రాలను మెచ్చుకోవడం సరికాదు.

వాన్‌గో దారి వేరు. ఆ దారి మొదలైంది బొగ్గుబాయిల దగ్గర. రామగుండం, గోదావరిఖని పాఠకులకు ఈ బొమ్మ మిగతావాళ్లకంటే దగ్గరగా అనిపించాల్సిన కారణం ఇదే.

1878 డిసెంబరులో, 25 ఏళ్ల వయసులో, వాన్‌గో బెల్జియంలోని బోరినాజ్ ప్రాంతానికి వెళ్లాడు. అప్పటికి ఆయన చిత్రకారుడు కాడు. పాస్టరు కొడుకు, తానూ మతబోధ చేయాలని వచ్చినవాడు. బోరినాజ్ అంటే మాన్స్ పట్టణం పక్కన వరసగా బొగ్గుబాయిలు, వాటి చుట్టూ కార్మికుల గుడిసెలు, బాయిలో నుంచి తోడిపోసిన మట్టి గుట్టలు. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన మట్టి గుట్టలు రోజూ చూసేవాళ్లకు ఆ దృశ్యం వివరించనక్కర్లేదు. 1879 ఏప్రిల్‌లో ఆయన మార్కాస్ అనే గనిలోకి దిగి, సుమారు 700 మీటర్ల లోతున, దాదాపు ఆరు గంటలు గడిపాడు. గోదావరిఖనిలో పాత బాయిలు చాలావరకు ఏటవాలుగా నడిచి దిగే ఇంక్లైన్లు. మార్కాస్ నిలువు బాయి, బోనులో దిగాలి. తమ్ముడు థియోకు రాసిన ఉత్తరంలో ఆయన లోపల చూసినదంతా వరసగా చెప్పాడు. ఇరుకు సందుల్లో దీపం పెట్టుకుని బొగ్గు తవ్వే మనుషులు, విషవాయువు భయం, నీటి ఊట, తవ్విన బొగ్గును చిన్న బండ్లకు ఎత్తే పిల్లలు. ఆ పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు.

అదే నెల 17న దగ్గర్లోని ఫ్రామెరీలో, అగ్రాప్ గనిలో గ్యాసు పేలి 121 మంది చనిపోయారు. వాన్‌గో గాయపడినవాళ్లకు సేవ చేశాడు. తన బట్టలు ఇచ్చేశాడు, మంచి గది వదిలి గుడిసెలో పడుకున్నాడు. చర్చి పెద్దలకు ఇది నచ్చలేదు. మాట్లాడే నేర్పు లేదని కారణం రాసి, ఆరు నెలలకే పని నుంచి తప్పించారు. ఆయన బోరినాజ్ వదలలేదు. మరో ఏడాది అక్కడే తిరుగుతూ, పనికి పోయి వచ్చే కార్మికులను పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాడు. 1880లో, ఆ బొగ్గు ఊళ్లలోనే, ఇక చిత్రకారుణ్ణి అవుతానని తేల్చుకున్నాడు.

మరుసటి ఏడాది బ్రసెల్స్‌లో వేసిన ఒక పెద్ద కలం చిత్రంలో గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు బొగ్గు బస్తాలు మోస్తూ వరసగా నడుస్తుంటారు. నడుములు వంగిపోయి ఉంటాయి, ముఖాలు సరిగా కనపడవు. 1882లో హేగ్ నగరంలో ఉన్నప్పుడు అదే సంగతిని నీటిరంగుల్లో, మంచు నేల మీద మళ్లీ వేశాడు. ఆ ఆడవాళ్లు బస్తాను ఎలా మోస్తారో ఆయనకు చాలాకాలం అంతుపట్టలేదు. మూతి కట్టేసి కిందికి వేలాడదీసి, అడుగు మూలలు రెండూ కలిపి తలకు తగిలించుకుంటారని చివరికి కనిపెట్టి, ఎంతో సంబరంగా ఉత్తరంలో రాశాడు. మన దగ్గర వానలో గోనెసంచి మూలలు మడిచి తల మీద వేసుకునే తీరు లాంటిదే అది. వాళ్ల సంచి నిండా బొగ్గు ఉంటుంది, అంతే తేడా. బరువు మోసే పద్ధతి తెలియకుండా మోసే మనిషిని గీయకూడదన్న పట్టుదల ఆయనలో ఇక్కడే పాతుకుపోయింది.

బోరినాజ్ ఆడవాళ్ల బతుకు సింగరేణి నేలకు కొత్త కాదు. ఇల్లెందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు గుర్తించాడు, 1889లో ఉత్పత్తి మొదలైంది. ‘లా బెర్సూజ్’ పూర్తయింది కూడా ఆ ఏడే. బెల్జియంలో 21 ఏళ్లలోపు ఆడపిల్లలు భూగర్భంలో పనిచేయరాదని చట్టం వచ్చిందీ ఆ ఏడే. భారతదేశంలో 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి పూర్తిగా దూరం పెట్టింది, 2019లో కేంద్రం షరతులతో ఆ నిషేధం సడలించింది. ఇప్పుడు కారుణ్య నియామకాల ద్వారా సింగరేణి ఉద్యోగంలోకి వచ్చిన మహిళలు కోల్‌బెల్ట్‌లో కనపడుతూనే ఉన్నారు. అయితే బాయి చరిత్రలో ఆడమనిషి అంటే లెక్కలకెక్కిన కూలి ఒక్కటే కాదు. మూడో షిఫ్టు నుంచి మనిషి ఇంటికి వచ్చేదాకా నిద్రపోని ఆడవాళ్లూ ఆ చరిత్రలో భాగమే. ‘లా బెర్సూజ్’ చిత్రించింది సరిగ్గా ఆ మెలకువను.

బస్తాలు మోసే వంగిన నడుముల నుంచి ఆగస్టీన్ నిటారు కూర్చునే కుర్చీ దాకా రావడానికి వాన్‌గోకు ఆరేడేళ్లు పట్టింది. మధ్యలో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ ఊళ్లో, 1884-85 చలికాలంలో, రైతు కూలీల తలలు పదుల సంఖ్యలో తైలవర్ణాల్లో వేశాడు. అందులో గోర్డినా అనే యువతి ముఖం పదేపదే వస్తుంది. ఆమె 1885 నాటి ‘బంగాళాదుంపలు తినేవారు’ చిత్రంలోనూ ఉంది. అప్పటి రంగులన్నీ మట్టి రంగులు, తొక్క తీయని దుంప రంగు. 1886లో పారిస్ చేరాకే ఆయన కాన్వాస్‌కు వెలుగు వచ్చింది. ఇంప్రెషనిస్టుల చిత్రాలు, జపాన్ చెక్క అచ్చుల బొమ్మలు, రంగుల శాస్త్రం మీద వచ్చిన పుస్తకాలు ఆయనను మార్చాయి.

ఆ శాస్త్రంలో ఒక్క సంగతి తెలిస్తే చాలు, ‘లా బెర్సూజ్’ తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల పెద్దగా పనిచేసిన షెవ్రోల్ అనే రసాయనవేత్త 1839లో ఒక పుస్తకం అచ్చువేశాడు. రెండు రంగులు పక్కపక్కన పెడితే కంటికి ఒకదాన్నొకటి మారుస్తాయని అందులో వివరించాడు. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా పెడితే రెండూ రెట్టింపు తీవ్రంగా కనపడతాయి. చీర ఒంటి రంగును ఏ అంచు ఎత్తిచూపుతుందో తెలిసిన నేతగాళ్లకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. ఆగస్టీన్ ఆకుపచ్చ దుస్తుల కింద ఎర్రటి నేల, నారింజ జడ వెనక నీలం కలిసిన గోడ పెట్టింది అందుకే. రంగులు ఒకదాంతో ఒకటి పోరాడుతుంటే, నడుమ ఆమె ముఖం నెమ్మదిగా ఉంటుంది. గది అంతా ఊగుతున్నట్టు, ఆమె ఒక్కతే కదలనట్టు అనిపిస్తుంది. తొట్టెల చూపకుండానే దాని ఊపును రంగులతో చూపిన తీరు ఈ బొమ్మలో అన్నిటికంటే పెద్ద సాధన.

ఈ బొమ్మ ఎక్కడ వేలాడాలో కూడా ఆయన ఆలోచించాడు. పియెర్ లోటీ రాసిన ఒక ఫ్రెంచి నవలలో ఐస్‌లాండ్ సముద్రంలో చేపలు పట్టే నావికుల కష్టం ఉంది. దాని గురించి గోగాన్‌తో మాట్లాడినప్పుడు వాన్‌గోకు ఒక ఊహ వచ్చింది. అలల మీద ఊగే పడవ గదిలో ఈ బొమ్మ పెడితే, నావికులు తొట్టెలలో ఊగిన రోజులు, తల్లి పాడిన జోల గుర్తు తెచ్చుకోవాలి. రెండు పక్కలా పొద్దుతిరుగుడు పూల చిత్రాలు పెట్టి, నడుమ దీన్ని ఉంచాలని థియోకు గీసి చూపించాడు. చర్చిలో దేవుడి తల్లికి ఇచ్చే స్థానం అది. దాన్ని ఆయన తపాలా ఉద్యోగి ఇల్లాలికి ఇచ్చాడు.

బొమ్మ పూర్తికాక ముందే, 1888 డిసెంబరు 23న, ఆయన మనోవ్యాధి ముదిరి తన చెవి తానే కోసుకుని ఆసుపత్రి పాలయ్యాడు. రూలాన్ దంపతులు ఆయనను వదల్లేదు. ఆసుపత్రికి వెళ్లి చూశారు, జోసెఫ్ పారిస్‌లోని థియోకు ఉత్తరాలు రాశాడు. జనవరిలో ఇంటికి వచ్చిన వాన్‌గో సగంలో ఆగిన కాన్వాస్‌నే ముందు వేసుకున్నాడు. జోసెఫ్‌కు మార్సేకు బదిలీ అయింది, ఆగస్టీన్ కూడా ఊరు విడిచింది. కాబట్టి తర్వాతి ప్రతులు ఆమె ఎదురుగా లేకుండానే, మొదటి కాన్వాస్ చూసి వేసినవి. వాటిలో నచ్చిన ఒకటి తీసుకోమని ఆమెకే వదిలేశాడు. ఆమెకు మంచి కన్ను ఉందని, ఉన్నవాటిలో మేలైనదే ఎంచుకుందని తర్వాత థియోకు రాశాడు. ఇప్పుడు మూడు ప్రతులు అమెరికాలో, బోస్టన్, చికాగో, న్యూయార్క్ మ్యూజియాల్లో ఉన్నాయి. మిగతా రెండూ నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్, ఒట్టర్లోలో ఉన్నాయి. ఆ అమెరికా నగరాల్లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఎందరో. అక్కడికి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి కేటాయించాలి. అచ్చు కాగితం మీద, ఫోన్ తెర మీద ఈ బొమ్మ సగమే దొరుకుతుంది.

సగమే అనడానికి కారణం నూనె రంగు స్వభావం. రంగు పొడిని అవిసె నూనెలో నూరితే తైలవర్ణం. ఈ నూనె నీటిలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే మందంగా పూసిన రంగు కుంచె జాడను అలాగే నిలుపుకుంటుంది. వాన్‌గో కొన్నిచోట్ల గట్లు కట్టినట్టు పూశాడు. పక్కకు నిలబడి చూస్తే వాటి నీడలు కూడా కనపడతాయి. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ తగరపు ట్యూబు కనిపెట్టాకే, ఇలా రంగును వెంట తీసుకుపోయి ధారాళంగా వాడడం కుదిరింది.

ఆ ట్యూబుల్లో ఒకదానికి బొగ్గుతో నేరుగా చుట్టరికం ఉంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్, గ్యాసు తీసినప్పుడు తారు మిగులుతుంది. ఇంగ్లండ్‌లో విలియం పెర్కిన్ 1856లో ఆ తారు నుంచి ఊదా అద్దకం చేశాక, రసాయనవేత్తలు రంగు వెంట రంగు రాబట్టారు. 1870లలో జర్మనీలో వచ్చిన ఇయోసిన్ అనే ఎరుపు అలాంటిదే. దానితో చేసిన మెరిసే గులాబీ ఎరుపును వాన్‌గో ఆర్ల్‌కు వచ్చాక తెగ వాడాడు. అది వెలుతురుకు నిలవదు. న్యూయార్క్‌లో ఉన్న ఆయన 1890 నాటి ఐరిస్ పూల చిత్రంలో గులాబీరంగు నేపథ్యం ఇప్పుడు తెల్లబడిపోయింది. రంగులు పూలలాగే వాడిపోతాయని ఆయనకు తెలుసు, అందుకే కావాలని కాస్త ముదురుగా వేశాడు.

ఈ చిత్రకళ తెలుగు నేలకు పారిస్ నుంచి నేరుగా రాలేదు. పారిస్‌లో చదివి, సెజాన్, గోగాన్‌ల నుంచి నేర్చుకుని, 1934 చివర్లో భారతదేశం చేరిన అమృతా షేర్‌గిల్ ఈ పద్ధతిలో మన ఆడవాళ్లను మొదటగా గట్టిగా చిత్రించారు. 1935 నాటి ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రంలో ఎరుపు, పచ్చ దుస్తులు చదునుగా, నిండుగా ఉంటాయి. ముఖాలు దించుకున్న ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడరు. 1936 చివర్లో ఆమె తన చిత్రాలతో హైదరాబాదు వచ్చారు. యూరప్ కళను కోకొల్లలుగా సేకరించిన సాలార్ జంగ్ నవాబు వాటిని చూసి, చివరికి కొనలేదు. ఆయన అభిరుచి నునుపైన పాత పద్ధతి వైపే ఉండింది. హైదరాబాదు చేజార్చుకున్న గొప్ప అవకాశాల్లో ఇదొకటి.

ఆ అవకాశాన్ని కరీంనగర్ జిల్లా బిడ్డ ఒకరు మరోవైపు నుంచి అందుకున్నారు. 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి, అందరికీ తెలిసిన పి.టి. రెడ్డి, బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. అక్కడి డైరెక్టర్ చార్లెస్ గెరార్డ్ విద్యార్థులకు కొత్త యూరప్ చిత్రకళ వైపు దారి తెరిచారు. 1941లో ‘యంగ్ టర్క్స్’ పేరుతో ప్రదర్శన పెట్టిన యువ చిత్రకారుల్లో రెడ్డి ఒకరు. తర్వాత ఆయన తాంత్రిక ప్రతీకల వైపు మళ్లారు గానీ, తొలినాటి తైలవర్ణాల మీద పోస్ట్-ఇంప్రెషనిస్టుల ముద్ర స్పష్టం. ఆయన భార్య, రచయిత్రి పాకాల యశోదారెడ్డి, తెలంగాణ ఆడవాళ్ల నోటి మాటను కథల్లోకి తెచ్చారు. 1996లో రెడ్డి చనిపోయేదాకా హైదరాబాదే వాళ్ల ఇల్లు.

అదే జిల్లాలో 1942లో పుట్టిన తోట వైకుంఠం, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, తెలంగాణ ఆడమనిషిని తన జీవితకాలపు విషయం చేసుకున్నారు. పెద్ద బొట్టు, నల్లటి మేని చాయ, ఎరుపు, పసుపు చీర, చదునైన నేపథ్యం. ఆయన సామగ్రి ఎక్కువగా ఆక్రిలిక్, బొగ్గుకడ్డీ. పేరున్న ఒక వ్యక్తి పోలిక కంటే ఊరి ఆడవాళ్లందరి రూపం ఆయన చిత్రాల్లో కనపడుతుంది. అందుకే వాటిని అచ్చమైన రూపచిత్రాలు అనలేం. కానీ రంగుకు ఆయన ఇచ్చిన పెద్దరికం చూస్తే గోగాన్, వాన్‌గోల చుట్టరికం దాగదు.

వాన్‌గో తన చివరి ఏడాది, 1890లో, చెల్లెలికి రాసిన ఉత్తరంలో అన్నిటికంటే తనకు ఇష్టమైనది రూపచిత్రమేనని చెప్పాడు. ఫొటోలాంటి పోలికతో కాక, రంగుతో సాధించే రూపచిత్రం. ఆర్ల్‌లో కాఫీ హోటల్ నడిపిన మదామ్ జినూ బొమ్మను ఆయన సుమారు గంటలో వేశాడు. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల బడుల్లో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయులు ఆ గంటను పిల్లలకు ఇవ్వాలి. ఫొటో చూసి గీయించడం మాని, అమ్మనో నాయనమ్మనో ఎదురుగా కూర్చోబెట్టి గీయించాలి. ఆమె చేతులు ఏ పని చేస్తాయో ముందు అడిగి తెలుసుకోమనాలి. ఆమె ముఖానికి ఏ రంగు వేయాలో ఆ తర్వాత పిల్లలకే వదిలేయాలి.